బావిలోని రంగును తెర మీద చూపించవచ్చా?

ప్రశ్న – అనంతపురం నుంచి

మిత్రులకు నమస్కారం. హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ కథ 'ద కలర్ అవుట్ ఆఫ్ స్పేస్'ను పోయిన వారం రెండోసారి చదివి, ఆ మరునాడే దాని ఆధారంగా రిచర్డ్ స్టాన్లీ 2019లో తీసిన సినిమా చూశాను. 1927లో అచ్చయిన ఆ కథలో ఒక రైతు ఇంటి బావి పక్కన ఉల్క పడుతుంది. దానితోపాటు వచ్చినదేదో బావిలో చేరి, మొదట తోటలోని పండ్ల రుచిని, తర్వాత పశువులను, చివరకు ఆ ఇంటి మనుషులను పీల్చేస్తుంది. మన కన్ను ఎరిగిన ఏ రంగుతోనూ అది సరిపోలదని, దాన్ని రంగు అనడం కూడా పోలిక కోసమేనని రచయిత స్పష్టంగా చెబుతాడు. సినిమాలో మాత్రం అది గులాబీకీ ఊదాకీ మధ్య ఉండే వెలుగు. పెళ్లి పందిళ్లలో చిన్నప్పటి నుంచి చూస్తున్న రంగు తెర నిండా పరచుకునేసరికి నాలోని భయం పూర్తిగా పోయింది. నికొలస్ కేజ్ నటనలో నాకు లోపం కనబడలేదు కాబట్టి, లోపమంతా ఆ వెలుగులోనే ఉందని అనుకుంటున్నాను.

మా తాతగారి చేనులో పాడుబడిన మోటబావి ఒకటి ఉంది. చిన్నప్పుడు దాని గట్టు మీద బోర్లా పడుకుని తొంగిచూస్తే, మిట్టమధ్యాహ్నం కూడా లోపలి నుంచి తడిమట్టి వాసనతో చల్లటి గాలి ముఖానికి తగిలేది. కథ చదివినంతసేపూ ఆ గాలి తగిలింది, సినిమాలో ఒక్కసారీ తగలలేదు. కాస్మిక్ హారర్‌ను, అంటే మనిషి ఊహకు అందని విశ్వశక్తుల ముందు కలిగే భయాన్ని, తెరకెక్కించడమే సాధ్యం కాదంటారా, లేక ఈ సినిమా ఒక్కటే దారి తప్పిందా?

జవాబు – కర్నూలు నుంచి

సాధ్యమేనండి. ఇదే కథను హువాన్ వూ అనే దర్శకుడు 2010లో జర్మనీ నేపథ్యానికి మార్చి 'డీ ఫార్బె' పేరుతో తీశాడు. సినిమా మొత్తం నలుపు తెలుపులో సాగుతుంది, ఉల్కతో వచ్చిన ఆ ఒక్కటి మాత్రమే రంగులో కనిపిస్తుంది. చూడబోతే అదీ ఊదా ఛాయే. కానీ చెట్టుకు, ఆకాశానికి, మనిషి ముఖానికి లేని రంగు దానికొక్కదానికే ఉండడంతో, అది ఈ లోకానికి చెందినది కాదని ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది. స్టాన్లీ పచ్చటి అడవి, రంగురంగుల పూల నడుమ మరో రంగును పెట్టాడు కనుక అది వాటిలో ఒకటిగా కలిసిపోయింది. ఏ రంగు ఎంచుకున్నారన్నది కాదు, దాని చుట్టూ ఏమి ఉంచారన్నదే ముఖ్యమని నాకు అనిపిస్తుంది.

జవాబు – కడప నుంచి

చూపించడమే తప్పన్నట్లుగా చర్చ సాగుతోంది కాబట్టి నా అభ్యంతరం చెబుతాను. జాన్ కార్పెంటర్ 1982లో తీసిన 'ద థింగ్' లవ్‌క్రాఫ్ట్ కథ కాదు, జాన్ డబ్ల్యు. క్యాంప్‌బెల్ 1938లో రాసిన పెద్దకథకు తెరరూపం. అయినా ఈ కోవలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది దాన్నే. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న ఆ కొద్దిమంది మధ్యకు వచ్చిన జీవిని దర్శకుడు ఎక్కడా దాచలేదు. చీలిన దేహాలను, తలకు మొలిచిన కాళ్లను వెలుతురులోనే చూపించాడు. భయం మాత్రం వాటి వల్ల పుట్టదు. అందరినీ కట్టేసి, ఒక్కొక్కరి రక్తంలో ఎర్రగా కాల్చిన తీగను ముంచి పరీక్షించే దృశ్యంలో, పక్కన కూర్చున్నవాడు మనిషో కాదో తెలియని ఆ నిమిషాల్లోనే మన గొంతు తడి ఆరిపోతుంది. విడుదలైనప్పుడు విమర్శకులు చాలామంది దాన్ని చీదరించుకున్నారు, వసూళ్లు కూడా అంతంతమాత్రమే. అభిమానులే ఏళ్ల తరబడి దాన్ని మళ్లీ మళ్లీ చూసి నిలబెట్టుకున్నారు.

జవాబు – నందికొట్కూరు నుంచి

నేను లవ్‌క్రాఫ్ట్ కథను చదివింది వేరే కారణంతో. మాది శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. ఆ కథ చెప్పేవాడు కొత్త జలాశయం కోసం భూమి కొలవడానికి వచ్చిన సర్వేయరు అన్నది మీలో ఎవరూ ప్రస్తావించలేదు. ఆ పాడుబడ్డ నేల నీటి కింద పడిపోతుందంటే అతనికి ఊరటే, కానీ ఆ జలాశయం నీళ్లు మాత్రం తాను తాగనంటాడు. ఎందుకంటే ఆ రంగు ఆకాశంలోకి ఎగిరిపోయినప్పుడు, అందులో చిన్న తునక ఒకటి మళ్లీ బావిలోకే జారిపోవడం చూసిన ముసలాయన ఒకడున్నాడు. స్టాన్లీ సినిమాలోనూ ఆ సర్వేయరు ఉన్నాడు, ముగింపు కూడా ఆనకట్ట మీదే జరుగుతుంది. అయితే అంతటి విషయాన్ని చివరి రెండు మాటలకు కుదించేశారని నాకు బాధగా ఉంది. నేనైతే సినిమాను ఆ నీళ్ల దగ్గరే మొదలుపెట్టేవాణ్ణి. ఏటా వేసవిలో శ్రీశైలం జలాశయం నీటిమట్టం తగ్గి, అందులో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు మా నాన్న నన్ను తీసుకెళ్లేవాడు. గుడి రాళ్లకు పట్టిన ఒండ్రు అరచేతికి మెత్తగా అంటుకునేది. దర్శనం అయ్యాక ఆయన నది వైపు తిరిగి, మిగిలిన నీళ్ల కింద మన ఇల్లు ఎటువైపు ఉందో వేలు పెట్టి చూపించేవాడు. నాకు అక్కడ నీళ్లు తప్ప ఏమీ కనిపించేది కాదు, అయినా అటువైపు చాలాసేపు చూడలేకపోయేవాణ్ణి.

ప్రశ్న అడిగినవారు

కర్నూలు మిత్రులు చెప్పిన జర్మన్ సినిమాను ఈ రాత్రే చూస్తాను. నందికొట్కూరు అన్నగారికి ఒక మనవి. వచ్చే వేసవిలో గుడి బయటపడగానే ఒక మాట చెప్పండి, నేనూ వస్తాను. మీ నాన్నగారు చూపించిన దిక్కును నాకూ చూపించాలి.