‘బాస్కింగ్’కి తెలుగు మాట: ఎండ కాగడమా, రెక్కలు ఆరబెట్టడమా?

ప్రశ్న: బ్రిటన్‌లోని తెలుగు పిల్లల కోసం సీతాకోకచిలుకలు లెక్కపెట్టే పద్ధతిని తెలుగులో రాస్తున్నాం. చల్లటి వసంతంలో అవి రెక్కలు విప్పి ఎండలో కదలకుండా కూర్చుంటాయే, ఆ ‘బాస్కింగ్’ని ‘రెక్కలు ఆరబెట్టుకోవడం’ అనొచ్చాండీ?

జవాబు: వద్దండీ. ఆరబెట్టాలంటే తడి ఉండాలి. ఆ మాట అప్పుడే ప్యూపా నుంచి బయటపడ్డదానికి నప్పుతుంది. అది కొమ్మకు వేలాడుతూ, ముడతలు పడ్డ రెక్కల్లోకి ఒంట్లోని ద్రవాన్ని పంపి, అవి గట్టిపడేదాకా ఎగరదు. చలి పొద్దున కూర్చునేది వేరు. రెక్కలాడించే కండరాలు దాదాపు 30 డిగ్రీలకు వేడెక్కితే గాని సరిగ్గా ఎగరలేదు. ‘ఎండ కాగడం’ అనండి. చలిమంట దగ్గర మనం చేసేదే, మంట బదులు ఎండ.

ఇంకో మాట: అచ్చుతప్పు పడకుండా చూసుకోండి. ‘కాస్తోంది’ అంటే ఎండ పని, ‘కాగుతోంది’ అంటే సీతాకోకచిలుక పని. ‘రెక్కలు విప్పి’ అన్నది కూడా నిర్వచనంలోంచి తీసేయండి. మన దగ్గరి పీకాక్ ప్యాన్సీ అనే సీతాకోకచిలుక నేలమీద రెక్కలు పరిచి కాగుతుంది, నిజమే. గ్రాస్ ఎల్లో అనే రకం మాత్రం రెక్కలు మూసే ఉంచి, ఓ పక్కకు ఒరిగి కాగుతుంది. బ్రిటన్‌లో కనిపించే బ్రిమ్‌స్టోన్ అనే రకానిదీ అదే తీరు. విప్పిన రెక్కల కోసమే వెతికే పిల్లలు దాన్ని పండుటాకనుకుని దాటిపోతారు.

ప్రశ్న: బాగుంది. చెట్ల సందుల్లోంచి నేలమీద పడే వెలుగు ముక్కను నీరెండ అనొచ్చా?

జవాబు: అది ఎండపొడ. ‘ఈ గదిలోకి ఎండపొడ రాదు’ అంటాం కదా. నీరెండ అంటే పొద్దుటి, సాయంత్రపు లేత ఎండ. అది చోటు చెప్పదు. పిల్లలకు కావలసింది చోటు. ‘ఎండపొడలు చూసుకుంటూ నడవండి, మీ నీడ సీతాకోకచిలుక మీద పడనివ్వకండి’ అని రాయండి. సూర్యుడు వీపు వెనక ఉంటే నీడ మనకంటే ముందే వెళ్లి దాన్ని లేపేస్తుంది.

మరొకటి: తెలుగు చేసే తొందరలో అంకెలు జారనివ్వకండి. బ్రిటన్‌లో సీతాకోకచిలుకల లెక్కకున్న నియమం ప్రకారం 13 డిగ్రీల లోపు లెక్క వద్దు. 13–17 మధ్యయితే లెక్కపెడుతూ నడిచే నడకలో కనీసం 60 శాతం ఎండ ఉండాలి. 17 దాటితే మబ్బున్నా ఫర్వాలేదు, వాన మాత్రం ఉండకూడదు. ‘వాతావరణం బాగున్న రోజు’ అని ఊరుకుంటే, చలికి ఆకుల చాటున నక్కినవన్నీ కాగితం మీద ‘సున్నా’ అయిపోతాయి.