వేధింపుల ఫిర్యాదుకు మూడు నెలల గడువు సబబేనా?

గోదారిగట్టు: ఆఫీసుల్లో లైంగిక వేధింపుల చట్టం (2013) సెక్షన్ 9 ప్రకారం, ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఆఫీసులో ఇలాంటి ఫిర్యాదులు విచారించే కమిటీకి రాసివ్వాలి. వరసగా జరిగితే చివరి ఘటన నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఆపైన దారి లేదు. అదే చట్టం సెక్షన్ 15లో పరిహారం లెక్కకట్టేటప్పుడు మొట్టమొదట చూడమన్నది మానసిక క్షోభని. ఆ క్షోభ ఆర్నెల్లలో బయటపడుతుందా? మీరేమంటారు?

సత్యం_హెచ్చార్: సబబే. మా ఆఫీసులో సీసీ కెమెరా ఫుటేజీ నెల దాటితే ఉండదు. సాక్షులు జాబ్ మారిపోతారు. రెండేళ్ల తర్వాత వచ్చి లిఫ్టులో ఇలా జరిగిందంటే కమిటీ ఏం చూసి తేల్చాలి?

పద్మజ: రాత్రి పదకొండింటికి "ఇంకా పడుకోలేదా" అని వచ్చే వాట్సాప్ మెసేజీకి ఫుటేజీ దేనికండీ?

సత్యం_హెచ్చార్: మెసేజీ ఉంటే మర్నాడే ఇవ్వొచ్చుగా. లిఫ్టు సంగతి చెప్పండి.

మల్లేష్_వరంగల్: లిఫ్టు దిగు అన్నా ఇగ 😀

లాయర్_వేణు: కోల్‌కతాలోని జాతీయ లా యూనివర్సిటీ కేసు చూడండి. ఒక అధ్యాపకురాలు వైస్ ఛాన్సలర్ మీద ఆరోపణ చేశారు. చివరి ఘటన 2023 ఏప్రిల్‌లో, ఫిర్యాదు డిసెంబర్ 26న. మధ్యలో ఆగస్టులో తనను డైరెక్టర్ బాధ్యత నుంచి తప్పించడమూ వేధింపులో భాగమేనని ఆమె వాదన. అది పాలనాపరమైన చర్య అంటూ సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 12న గడువు దాటినట్టే తేల్చింది. అయితే క్షమించినా మరచిపోకూడదని, ఆ తీర్పును ఆయన తన బయోడేటాలో చేర్చాలని కూడా చెప్పింది. నన్నడిగితే అది వింత తీర్పే.

పోలీసు కేసుకైతే గడువు ఎక్కువ. అసభ్యంగా మాట్లాడటానికి గరిష్ఠ శిక్ష ఏడాది కాబట్టి గడువూ ఏడాదే. తాకడం లాంటి వాటికి శిక్ష మూడేళ్లు, గడువు మూడేళ్లు. న్యాయం కోసం అవసరమనుకుంటే కోర్టు ఆలస్యాన్ని మన్నించవచ్చు కూడా.

సత్యం_హెచ్చార్: చూశారా! పోలీసుల దగ్గర టైం ఉంది. ఇక కమిటీ మీద ఏడుపెందుకు?

పద్మజ: మీరు స్టేషన్ మెట్లెక్కి చూశారా ఎప్పుడైనా? నా సంగతి చెబుతా. నన్ను వేధించిన బాస్ చేతిలోనే నా అప్రైజల్ ఉండేది. ఫిర్యాదు టైప్ చేసి మెయిల్ డ్రాఫ్టుల్లో దాచుకున్నా. కమిటీ అధ్యక్షురాలిది అతని పక్క క్యాబిన్, ఇద్దరూ కలిసే లంచ్‌కి వెళ్లేవాళ్లు. పంపితే ఏమయ్యేదో నాకు తెలుసు. ఉద్యోగం మానేసి వేరేచోట చేరాక నిద్ర పట్టక డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఎప్పటి నుంచి అని అడిగారు. ఆయనకి చెబుతుంటేనే నాకూ అర్థమైంది, ఎక్కడ మొదలైందో. అప్పటికి మీ గడువు ఎప్పుడో దాటింది.

సత్యం_హెచ్చార్: మీ బాధ కాదనను. మా బావమరిది మీదా ఒక ఫిర్యాదు వచ్చింది. రుజువు కాలేదని కమిటీ తేల్చింది. అయినా క్యాంటీన్‌లో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు, ఖాయమైన సంబంధం వెనక్కి పోయింది. వాడిది మానసిక క్షోభ కాదా? దానికి ఏ సెక్షన్?

పద్మజ: రుజువు కాలేదంటే అబద్ధమని కాదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినావిడ మీద చర్య తీసుకోనక్కర్లేదని సెక్షన్ 14లోనే ఉంది.

సత్యం_హెచ్చార్: అంటే మావాడు చేశాడనేగా మీ ఉద్దేశం? నోరు అదుపులో పెట్టుకోండి!

మల్లేష్_వరంగల్: అయిపాయె.

మోడరేటర్: ఇద్దరూ తగ్గండి. ఇంకో మాట తూలితే థ్రెడ్ లాక్.

సత్యం_హెచ్చార్: సరే, సూటిగా చెబుతా. గడువు ఏడాది చేసినా నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ ఏడాది ఏ రోజు మొదలవుతుందో ఫిర్యాదు చేసినావిడ మనసు చెప్పకూడదు. కాగితం మీద కనబడే తేదీ కావాలి.

పద్మజ: ఇదేదో మొదటే చెప్పొచ్చుగా, ఫుటేజీ ఫుటేజీ అని ప్రాణం తీసే బదులు. కాగితమే కావాలా? అతని కింద పని చేయడం మానిన రోజు నుంచి లెక్కపెట్టండి. రిలీవింగ్ లెటర్ మీద తేదీ ఉంటుంది.

సత్యం_హెచ్చార్: పదేళ్లు అదే బాస్ కింద ఉంటే?

పద్మజ: పదేళ్లు భరించిందని అర్థం.

సత్యం_హెచ్చార్: పదేళ్లు ఏ సమస్యా లేదని కూడా అర్థం. దీనికి మీ దగ్గర జవాబు లేదు.

పద్మజ: ఇంటి లోను కడుతున్న ఆడపిల్లని అడగండి జవాబు.

కొత్తసభ్యురాలు22: మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా చెల్లిది చిన్న ఆఫీసు, ఏడుగురే. కమిటీ లేదు. చివరిసారి జరిగి నాలుగో నెల నడుస్తోంది. ఇంక లాభం లేదా?

లాయర్_వేణు: ఉందమ్మా. పదిమంది కంటే తక్కువున్న చోట జిల్లా లోకల్ కమిటీకి ఇవ్వాలి, కలెక్టరేట్‌లో అడిగితే చెబుతారు. మొదటి మూడు నెలల్లో ఎందుకు ఇవ్వలేకపోయిందో విడిగా ఒక పేరా రాయించండి. డాక్టర్ చీటీలుంటే జతచేయండి. ఆ కారణం నచ్చితేనే పొడిగిస్తారు, కాబట్టి ఆరో నెల దాకా ఆగకుండా ఈ వారమే ఇవ్వండి.