థీసిస్‌లో కాపీ బయటపడితే గైడ్‌కు కూడా శిక్ష ఉండాలా?

చరిత్ర పరిశోధక విద్యార్థిని, హనుమకొండ
విశ్వవిద్యాలయాలపై అజమాయిషీ చేసే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌కు ఇతరుల రచనతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి. 60 వరకు అయితే ఏడాదిపాటు సమర్పించడానికి వీల్లేదు. అది కూడా దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇవన్నీ విద్యార్థికే. కాపీ లేదని ధ్రువపత్రం ఇచ్చేది మాత్రం పరిశోధనను పర్యవేక్షించే గైడ్. సంతకం చేసినవారికి బాధ్యత ఉండదా?

విశ్రాంత ఆచార్యుడు, వరంగల్
అమ్మా, ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది దాకా పరిశోధకులు ఉండవచ్చు. ప్రతి థీసిస్‌లో ఏ పేరా ఎక్కడిదో ఆయన ఎలా పట్టుకుంటాడు? శిక్ష తప్పదంటే గైడ్లు తమకు తెలియని కొత్త అంశాల జోలికే పోరు. నష్టపోయేది మళ్లీ విద్యార్థులే. పైగా పరిశోధకులు చిన్నపిల్లలు కారు. డిగ్రీ ఎవరి పేరున వస్తుందో తప్పుకు జవాబు కూడా వారే చెప్పాలి.

తెలుగు అధ్యాపకుడు, కరీంనగర్
అసలు ఆ శాతాన్ని నమ్మడమే పొరపాటు. ఆ శాతం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అక్షరాల పోలిక చూస్తుంది, దొంగతనాన్ని చూడదు. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి మార్చి పెట్టుకుంటే సులభంగా తప్పించుకోవచ్చు. మన పాత థీసిస్‌లు చాలావరకు యూనికోడ్‌కు ముందునాటి ‘అను’ అనే ఫాంట్లలో ఉన్నాయి, కొన్ని స్కాన్ చేసిన బొమ్మలు. వాటిని సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాలుగా చదవలేదు. వాటిలోంచి ఎత్తినది దేనితో పోల్చి పట్టుకుంటారు? ఇక డబ్బు తీసుకుని ఎవరో కొత్తగా రాసిచ్చిన థీసిస్‌కు సున్నా శాతం వచ్చినా ఆశ్చర్యం లేదు! నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మోసం అదే.

చరిత్ర పరిశోధక విద్యార్థిని, హనుమకొండ
తెలుగు సార్ చెప్పింది నా విషయంలో తలకిందులుగా జరిగింది. వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి కాకతీయ రాజు రుద్రదేవుని శాసన పాఠం ఇచ్చి, ఆధారం కూడా చూపించాను. ఉల్లేఖనలను లెక్కలోంచి తీసేయాలని నిబంధనల్లోనే ఉంది. అయినా నివేదికలో అదంతా పోలికగా చూపించారు. అదే శాసనంపై మరొకరి వ్యాఖ్యానాన్ని మాటలు మార్చి నాదిగా రాసి ఉంటే ఒక్క గీతా పడేది కాదు.

ఆచార్యుల వారికి ఒక మనవి. ప్రతి పేరా పట్టుకోమని ఎవరూ అడగడం లేదు. తన విద్యార్థి శాసనం దగ్గరకు వెళ్లిందా, దాన్ని చదవగలదా అన్నది గైడ్‌కు తెలియదా? పది నిమిషాలు మాట్లాడితే బయటపడుతుంది. ఆ పది నిమిషాలు ఇవ్వకుండా సంతకం పెట్టినవారికి కొత్త పరిశోధకులను ఇవ్వకూడదంటాను.

విశ్రాంత ఆచార్యుడు, వరంగల్
వేరొకరు రాసిచ్చిన థీసిస్ అని తేలితే గైడ్‌ను కూడా విచారించాలి. అక్కడిదాకా నీతో ఏకీభవిస్తాను. పేరాల కాపీకి మాత్రం ఒప్పుకోను. ఆరు నెలలకోసారి సలహా కమిటీ ముందు ప్రగతి చెప్పే పద్ధతి ఉంది కదా, అక్కడ క్షేత్ర పర్యటన పుస్తకం, శాసనాల నకళ్లు టేబుల్ మీద పెట్టించాలి. ఏమీ చూపలేకపోతే ఆ సమావేశపు నివేదికలోనే రాయాలి.

తెలుగు అధ్యాపకుడు, కరీంనగర్
ఆ కమిటీని నడిపించేది కూడా గైడే కదా సార్. బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒకరైనా ఉండకపోతే ఆ మాట ఎవరు రాస్తారు?