యువరాణి చెబితే స్నేహితురాలు రాసింది: అది జీవితచరిత్రేనా?

పాతప్రతి: ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ తమ్ముడి భార్య హెన్రియెట్టా. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ కూతురు. 1670లో 26 ఏళ్లకే సాన్ క్లూ కోటలో కన్నుమూసింది. ఆమె కథను స్నేహితురాలు మదామ్ ద లఫాయెత్ రాసింది. అది రాతప్రతిగానే ఉండిపోయి, రచయిత్రి పోయిన 27 ఏళ్లకు, 1720లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. రాయమని అడిగింది హెన్రియెట్టా. రాత్రి సంగతులు చెప్పిందీ, పొద్దున్నే రాసింది చూసి మెచ్చుకుందీ ఆమే. దీన్ని జీవితచరిత్రల అరలో పెట్టవచ్చా?

తూకంరాళ్లు: పెట్టకూడదు. గీష్ ప్రభువుతో ఆమె చనువు గురించి కొలువంతా గుసగుసలాడింది. ఆ ఘట్టాలను ఆమె నోటితోనే చెప్పించుకుని రాస్తే ఇంకేం మిగులుతుంది? తన పెళ్లికి తానే పేరయ్య అయినట్టుంది.

పాలపిట్ట: తూకంరాళ్లు గారూ, పుస్తకం చదివే అంటున్నారా? సోది చెప్పే ఆడమనిషి వేషంలో గీష్ ఆమె దగ్గరికి వచ్చిన సంగతి అందులోనే ఉంది. రోజూ అతన్ని చూసే పరిచారికలకే సోది చెప్పాడట, వాళ్లు పోల్చుకోలేదట! పరువు కాపాడుకోవడానికి రాయించుకున్న కథ అయితే ముందు ఎగిరిపోయేది ఈ సంగతే. కొన్ని చోట్ల నిజాన్ని యువరాణి నొచ్చుకోకుండా చెప్పడానికి అవస్థపడ్డానని లఫాయెత్ ముందుమాటలో ఒప్పుకుంది కూడా. ఆ అవస్థ చూసి హెన్రియెట్టా ఆటపట్టించేదట.

అసలు కథ 1665 దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా మరణఘట్టం. అక్కడ చెప్పేవాళ్లు లేరు, చూసిన మనిషి మాత్రమే ఉంది. జూన్ 29 సాయంత్రం చికోరీ నీళ్లు తాగగానే హెన్రియెట్టా డొక్క పట్టుకుంది. నాకు విషం పెట్టారంది. మంచం పక్కనే, హెన్రియెట్టా భర్త దగ్గర లఫాయెత్ నిలబడి ఉంది. అతను అలాంటి పని చేస్తాడని అనుకోకపోయినా అతని ముఖం వంక పరీక్షగా చూశానని రాసింది, దానికి మనుషుల్లో ఉండే చెడ్డబుద్ధే కారణమని తననే తప్పుపట్టుకుంది. అతను తొణకలేదు. ఆ నీళ్లు ఒక కుక్కకు తాగించి చూడమన్నాడు. విరుగుడుగా పాము పొడి కూడా ఇచ్చారు. తెల్లవారకముందే ప్రాణం పోయింది.

కొత్తపాఠకుడు: అంతకీ విషమేనా?

పాతప్రతి: ఇంగ్లండ్ రాయబారి సమక్షంలో శవాన్ని కోసి చూసిన వైద్యులు కాదన్నారు. కడుపులో పుండు పగిలి ఉంటుందని తర్వాతివాళ్ల ఊహ. అయినా కొలువులో అనుమానం చావలేదు. కొన్ని నెలల ముందు భర్తకు ఆప్తుడైన లోరెన్ ప్రభువును రాజు వెళ్లగొట్టాడు, దానికి హెన్రియెట్టానే కారణమని అందరూ అనుకున్నారు మరి.

తూకంరాళ్లు: మరణఘట్టం వరకు ఒప్పుకుంటున్నాను పాలపిట్ట గారూ. సోది సంగతి నాకు గుర్తులేదు, నిజమే. కానీ ఇది చెప్పండి. లఫాయెత్ రెండు రోజులు పారిస్ వెళితే హెన్రియెట్టా తానే కలం పట్టి కొంత రాసింది. అది ఆమె చేతిరాతేనని తెలిసేలా గుర్తు వేశానని లఫాయెత్ అంటుంది. అచ్చులో ఆ గుర్తు ఎక్కడ? ఏ వాక్యం ఎవరిదో తెలియనప్పుడు ఏ అరలో పెట్టమంటారు? ఆ గుర్తులున్న కాగితం చూపించండి, అప్పుడు నా మాట మార్చుకుంటాను.

పాలపిట్ట: మార్చుకోకండి. జీవితచరిత్రల అరలో ఒక ప్రతి, ఆత్మకథల అరలో ఒక ప్రతి పెడదాం.