ఇగ్నిషన్ స్విచ్చి పోయింది: స్విచ్చి ఒక్కటే మార్చాల్నా, లాక్ సెట్టు మొత్తమా, బటన్ పెట్టించాల్నా?

నల్లగొండ తమ్ముడు

నాది పదకొండేండ్ల పాత పెట్రోల్ కారు. మొన్న హైదరాబాద్ నుంచి వస్తున్నం, పక్క సీట్ల అమ్మ ఉన్నది. నార్కట్‌పల్లిల మలుపు తిరిగి నల్లగొండ రోడ్డెక్కినంక ఒక స్పీడ్ బ్రేకర్ మీద మీటర్ లైట్లన్నీ ఆరిపోయి బండి ఆగింది. వెనక లారీ హారన్. మల్ల చాబి తిప్పితే స్టార్టయింది. తెల్లారి నుంచి ఇంకో తీరు: సెల్ఫ్ కొడితే ఇంజిన్ అందుకుంటది, చాబి వదలంగనే ఆగిపోతది. ఒక మెకానిక్ చాబి పెట్టే తాళం, స్విచ్చి అన్నీ కలిపి లాక్ సెట్టు మొత్తం మార్చాలె, ఆరున్నర వేలు అన్నడు. ఇంకొకాయన డాష్‌బోర్డు కింద పుష్ బటన్ పెడ్త, ఎనిమిది వందలిస్తే సాలన్నడు. ఎవరి మాట వినాలె?

పాలమూరు ట్యాక్సీ

బటన్ పెట్టించు తమ్మీ. నా బండికి మూడేండ్ల కింద పెట్టించిన. జడ్చర్ల, భూత్పూర్, కర్నూలు దాక రోజూ తిరుగుతది, ఒక్కనాడు ఆగలే. సామాను వచ్చేదాక బండి షెడ్డుల పెడితే నా కిస్తీ ఎవరు కడ్తరు?

మిర్యాలగూడ ఎలక్ట్రీషియన్

ఇరవై రెండేండ్లుగ బండ్ల వైరింగే నా బతుకు. కిస్తీ బాధ నాకు తెల్సు, కాని బటన్‌కు నేను ఒప్పుకోను.

తమ్మీ, నీ బండి రోగం నువ్వే చెప్పినవ్. చాబి స్టార్ట్ మీద ఉన్నంత సేపు నడుస్తది, ఆన్‌కు తిరిగి రాంగనే ఆగుతది. స్విచ్చి లోపల ఆ రెండిటికి వేరువేరు కాంటాక్టులు. నీకు ఆన్ కాంటాక్టు మీదనే అనుమానం. బటన్ ఏం చేస్తది? సెల్ఫ్ తిప్పుతది, అంతే. ఇంజిన్‌ను నడిపిచ్చేది ఆన్ లైను. దానికి ఇంకో స్విచ్చి, ఇంకో వైరు లాగాలె. ఎనిమిది వందల పని అక్కడ ఆగదు.

ఇమ్మొబిలైజర్, అంటే చాబిల చిప్పును గుర్తుపడితేనే ఇంజిన్‌ను నడవనిచ్చే దొంగతనం అడ్డం, కూడా స్టార్టయిన బండిని ఒకటి రెండు సెకండ్లల్ల ఆపుతది. తేడా ఎట్ల పట్టాలె అంటే, అప్పుడు మీటర్ లైట్లు వెలుగుతనే ఉంటయి, చాబి బొమ్మ లైటు కొట్టుకుంటది. నీకు మీటరే ఆరిపోయింది.

అయినా కొలవకుండ ఏదీ కొనకు. బ్యాటరీ ఆపి ఉన్నప్పుడు 12.4 నుంచి 12.6 వోల్టులు ఉండాలె, టెర్మినళ్లు, ఎర్త్ వైరు బిగువుగ ఉండాలె. తర్వాత స్టీరింగ్ కింది కవర్ తీసి, చాబి ఆన్ చేసి, బ్లోయర్ ఫుల్లు పెట్టు. మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ నుంచి స్విచ్చికి వచ్చే వైరు మీద, రెండోది ఆన్ లైను బయటికి పోయే వైరు మీద. 0.2 వోల్టు లోపల ఉంటే కాంటాక్టు మంచిది. అర వోల్టు దాటితే కాలినట్టే. చాబిని మెల్లగ అటిటు కదిలించు, అంకె ఎగిరెగిరి పడితే ఇంక అనుమానమే లేదు. టెస్టర్ బల్బు వెలిగిందని నమ్మి మోసపోయినోళ్లను మస్తు మందిని చూసిన. బల్బు తాగే కరెంటు ఎంత? కాలిన కాంటాక్టు కూడా దానికి సరిపోను ఇస్తది.

చాబి గుత్తి బరువుంటే తగ్గించు. ఇది చిన్న మాట కాదు. అమెరికాల జనరల్ మోటార్స్ 2014ల దగ్గర దగ్గర 26 లక్షల కార్లను ఈ స్విచ్చి కోసమే వెనక్కి పిలిచింది. లోపల బిగువు తక్కువై, కుదుపుకో గుత్తి బరువుకో చాబి ఆన్ నుంచి యాక్సెసరీకి, అంటే రేడియోలాంటివే నడిచే చోటికి, జారేది. ఇంజిన్ ఆగేది, గుద్దినప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోయేది. ఆ కంపెనీ పైసలతోని పెట్టిన పరిహార నిధి 124 మంది చావులను ఒప్పుకున్నది.

మల్ల నడుస్తుండంగ ఆగితే చాబిని లాక్ దాక తిప్పకు, స్టీరింగ్ పట్టుకుంటది. న్యూట్రల్ చేసి పక్కకు తియ్. ఇంజిన్ ఆగినంక బ్రేకు ఒకటి రెండుసార్లే తేలికగ పడ్తది, అందుకే కొట్టి కొట్టి వదలకుండ ఒక్కటే పట్టు పట్టాలె.

దేవరకొండ సారు

స్విచ్చి ఒక్కటే అంటే నేను నమ్మను. నేనట్లనే మార్పించిన, నాలుగు నెలలకు మల్ల అదే కథ. నా చాబి ఆన్‌ల ఉండంగనే చేతిలకు ఊడొచ్చేది. చివరికి లాక్ సెట్టే దిక్కైంది. ముందే ఆ మాట చెప్పినోడు లేడు.

మిర్యాలగూడ ఎలక్ట్రీషియన్

సారు, మీ బండికి అదే సరైన పని. చాబి ఆన్‌ల ఊడొస్తుందంటే బ్యారెల్, అంటే చాబి దూరే తాళం గొట్టం, అరిగింది, దాని వెనక ఎంత కొత్త స్విచ్చి పెట్టినా సక్కగ తిరగదు. కాని బ్యారెల్ మంచిగుంటే దాన్ని ఎందుకు పీకాలె? చాలా బండ్లల్ల లాక్ బాడీని తల తెగే బోల్టులతోని బిగిస్తరు, వాటిని డ్రిల్ చేసో ఉలితో కొట్టో తియ్యాలె. కొత్త చాబిల చిప్పును ఇమ్మొబిలైజర్‌కు నేర్పియ్యాలె, లేకుంటే పాత చిప్పును అందులకు మార్చాలె. స్విచ్చి ఒక్కటే అయితే రెండు చిన్న స్క్రూలు, వైర్లను స్విచ్చికి కలిపే ఒక కప్లర్. బ్యాటరీ నెగెటివ్ పీకి కొంచెం సేపు ఆగినంకనే చెయ్యి పెట్టాలె, అక్కడ ఎయిర్‌బ్యాగు వైర్లుంటయి.

కప్లర్ కూడా చూడాలె. పిన్ను గోధుమ రంగుకు తిరిగితే అదీ మార్చాలె. మాడిన కప్లర్ కొత్త స్విచ్చిని కూడా మాడుస్తది.

నల్లగొండ తమ్ముడు

అన్నా, నిన్న కొలిచినం. బ్యాటరీ 12.5, స్విచ్చి దగ్గర 1.9 వోల్టులు పోతున్నయి. చాబి ఆన్‌ల ఊడొస్తలేదు. కప్లర్ తీస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగింది. నాకు అమ్మినాయన పెట్టించిన ఫాగ్ లైట్లు ఆ వైరుకే ముడేసి ఉన్నయి. స్విచ్చి, కప్లర్ కలిపి పదిహేను వందల యాభై అయింది, లాక్ సెట్టు ముట్టుకోలే. ఫాగ్ లైట్లకు బ్యాటరీ నుంచి వేరే వైరు, ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి) పెట్టించిన. ఇప్పుడు 0.1 చూపిస్తుంది. నేను ఒక్కన్నే సాగర్ దాక పోయొచ్చిన, ఆగలే. అమ్మను ఇంకా ఎక్కించుకోలే, ఇంకో వారం చూస్త.

పాలమూరు ట్యాక్సీ

అన్నా, మీరన్నంక డాష్ కింద చూసిన. నా బటన్ వైరుకు ఫ్యూజు లేదు, రిలే లేదు. పట్టుకుంటే వేడిగున్నది. ఆదివారం కిరాయి వదులుకుంట, మిర్యాలగూడకు తేవాల్నా, ఇక్కడ్నే ఎవరితోనన్న చేయించాల్నా?

మిర్యాలగూడ ఎలక్ట్రీషియన్

అంత దూరం ఎందుకు తమ్మీ. అక్కడ్నే చేయించు, కాని ఆదివారం దాక ఆగకు. ఇయ్యాల రాత్రి బండి పెట్టినంక బ్యాటరీ నెగెటివ్ పీకి పడుకో.