నాలుగింటికే చీకటి పడే చోట మొదటి చలికాలం

డిసెంబరు 9, రాత్రి

అందరికీ నమస్కారం. నేను సెప్టెంబరులో ఇక్కడికి వచ్చాను. కోటు, బూట్లు, గ్లౌజులు అన్నీ మీరు చెప్పినట్టే కొనుక్కున్నాను కాబట్టి చలితో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా చీకటితోనే. పొద్దున ఎనిమిదిన్నర దాకా తెల్లవారదు, సాయంత్రం నాలుగింటికల్లా లైట్లు వేసుకోవాలి. మొన్న ఆదివారం మధ్యాహ్నం కాసేపు పడుకుని లేచేసరికి బయట చీకటి పడిపోయింది. ఎందుకో ఏడుపొచ్చింది. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉంటున్నవాళ్ళు ఈ రెండు మూడు నెలలు ఎలా గడుపుతారండీ? పెద్ద సలహాలు అక్కర్లేదు. మీ మనసుకు కాస్త హాయినిచ్చిన చిన్న చిన్న విషయాలు ఏవైనా ఉంటే చెప్పండి.

డిసెంబరు 10, ఉదయం

చెల్లీ, రాత్రి నీ మెయిల్ చదివాక నిద్ర పట్టలేదు. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా చిన్న చెల్లెలిది నీ వయసే. ఆ ఆదివారం ఏడుపు నాకు బాగా తెలుసు. నేను వచ్చిన మొదటి ఏడాది చలి లోపలికి వస్తుందని కర్టెన్లు మూసి, నవంబరు నుంచి మార్చి దాకా అలాగే ఉంచేశాను. చీకట్లో ఆఫీసుకు వెళ్ళడం, చీకట్లో ఇంటికి రావడం. సెలవు రోజున పన్నెండింటికి లేవడం. నాకేదో అయిపోయిందని అనుకున్నాను కానీ, కంటికి వెలుతురు అందడం లేదన్న సంగతే తట్టలేదు.

ముందు నీకొక మంచి కబురు చెప్తాను. ఇంకో మూడు రోజుల్లో సాయంత్రాలు పొడుగవడం మొదలవుతుంది. అందరూ డిసెంబరు 21 అంటారు, నిజమే, అన్నిటికంటే పొట్టి పగలు అప్పుడే. కానీ మనం ఉండే 53 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో సూర్యుడు అన్ని రోజులకంటే తొందరపడి అస్తమించేది డిసెంబరు 12, 13 తేదీల్లో. ఆ తర్వాత రోజూ కొన్ని సెకన్ల చొప్పున, తర్వాత నిమిషం చొప్పున సూర్యాస్తమయం ఆలస్యమవుతుంది. పొద్దుటి పూట మాత్రం నెలాఖరు దాకా ఇంకా ఆలస్యంగానే తెల్లవారుతుంది. భూమి అక్షం వంగి ఉండడం, జనవరి మొదట్లో భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చి దాని చుట్టూ కాస్త వేగంగా తిరగడం, ఈ రెండూ కలిసి ఈ రోజుల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళను రోజుకు దాదాపు అర నిమిషం ఆలస్యం చేస్తాయి. ఇంత చలిలో సూర్యుడికి దగ్గరగా ఉన్నామంటే మొదట్లో నేనూ నమ్మలేదు. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకుని 13వ తేదీ నుంచి సూర్యాస్తమయం వేళ రాసుకో. నేను తొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను. చలికాలంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే.

ఇక వెలుతురు సంగతి. గదిలో లైట్లన్నీ వేసినా మామూలుగా 300, 400 లక్సులకు (లక్సు అంటే వెలుతురు కొలత) మించి కంటికి అందదు. ఎంత మబ్బు పట్టినా మిట్టమధ్యాహ్నం బయట అంతకు ఎన్నో రెట్ల వెలుతురు ఉంటుంది. కాబట్టి ఎండ లేదని ఆగిపోకు. లంచ్ టైములో ఇరవై నిమిషాలు బయట నడిచి రా, సెలవు రోజున పొద్దున్నే వెళ్ళు. 10,000 లక్సుల లైట్ బాక్సు కొనుక్కోవాలనిపిస్తే, లేచిన గంటలోపు అరగంట, వాళ్ళు చెప్పిన దూరంలో, కాస్త పక్కకు పెట్టుకుని కూర్చోవాలి. దాన్ని నేరుగా చూడకూడదు. కంటి జబ్బున్నవాళ్ళు, బైపోలార్ అనే మానసిక జబ్బున్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు. ఇంకో మాట, ఈ చలికాలపు దిగులు నీ బలహీనత కాదు. అమెరికాలో నార్మన్ రోజెంతాల్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు 1984లోనే దీన్ని ఒక జబ్బుగా గుర్తించి రాశారు. రెండు వారాలపాటు ఏ పనీ చేయబుద్ధి కాక, నిద్ర, ఆకలి మారిపోయి, రోజూ ఏడుపొస్తూ ఉంటే ఈ చిట్కాలతో సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇది మాత్రం అక్కగా గట్టిగా చెప్తున్నాను.

నార్వేలో ర్యూకాన్ అని ఒక ఊరుంది. కొండల మధ్య లోయలో ఉండడం వల్ల సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఊళ్ళో ఎండే పడదు. 2013లో వాళ్ళు కొండ మీద మూడు పెద్ద అద్దాలు నిలబెట్టి, సూర్యుణ్ణి బట్టి తిప్పుతూ, ఊరి మధ్యలో ఉన్న చౌకులోకి ఎండను దింపారు. అది చదివాక నేను బెడ్‌రూములో ఉన్న నిలువుటద్దాన్ని తెచ్చి దక్షిణం వైపు కిటికీకి ఎదురుగా గోడకు ఆనించాను. పదకొండు నుంచి ఒంటిగంట దాకా, ఎండ ఉన్న రోజున, గది అవతలి మూలకు దుప్పటంత ఎండ వస్తుంది. నేనూ నా పుస్తకమూ ఆ దుప్పటితో పాటే జరుగుతూ ఉంటాం. మధ్యాహ్నం పూట అక్కడ కూర్చుంటే కాళ్ళకు తగిలే ఆ గోరువెచ్చదనం కోసం నేను వారమంతా ఎదురుచూస్తాను.

అన్నిటికంటే ముఖ్యంగా నువ్వు ఈ వారమే చేయవలసిన పని ఒకటుంది. ఒక అమరిల్లిస్ దుంప కొనుక్కో. చూడ్డానికి పెద్ద ఉల్లిగడ్డలా, ఎండిన గోధుమరంగు పొరలతో, అసలు ప్రాణం ఉందా అనిపించేలా ఉంటుంది. దుంప కంటే కొంచెం పెద్ద కుండీ చాలు. పై భాగం మూడో వంతు మట్టి బయటికి కనిపించేలా నాటి, ఒకసారి నీళ్ళు పోసి కిటికీ దగ్గర పెట్టు. మొలక కనిపించేదాకా నీళ్ళు చాలా తక్కువ పొయ్యాలి. నా మొదటి దుంప నీళ్ళెక్కువై కుళ్ళిపోయింది, వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు. పది పదిహేను రోజులు ఏమీ జరగదు. తర్వాత ఒకరోజు పొద్దున ఆ ఎండిన పొరల మధ్య చిలక ముక్కులా లేత ఆకుపచ్చ కొస కనిపిస్తుంది. కొస కాస్త పక్కకు ఉండి, బొద్దుగా, అంచున ఎర్రటి గీత ఉంటే అది పువ్వు కాడ. పల్చగా బల్లపరుపుగా ఉంటే ఆకు. ఒకసారి కాడ లేచిందంటే ఇక ఆగదు, కొన్ని రోజులైతే పొద్దుటికీ సాయంత్రానికీ తేడా తెలుస్తుంది. నాటిన ఆరు నుంచి పది వారాలకు అరచేతి కంటే పెద్ద పువ్వులు, ఒక్కో కాడకు మూడు నాలుగు. బయట అంతా తెలుపూ బూడిదరంగూ ఉన్నప్పుడు కిటికీలో ఆ ఎరుపు కనిపిస్తే ఎలా ఉంటుందో చూస్తే కానీ తెలియదు. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే మాత్రం అందనివ్వకు, ఆ దుంప వాటికి విషం.

రాత్రులు కూడా వృథా కావు. మబ్బు లేని రాత్రి, చలి బాగా పెరిగినప్పుడు, లైట్లార్పి దక్షిణం వైపు కిటికీ దగ్గర నిలబడు. మన వైపు మృగశిర దగ్గరి చుక్కలు చూడాలంటే మెడ వెనక్కి వాల్చాలి, అవి దాదాపు నెత్తి మీదికి వస్తాయి. ఇక్కడ సగం ఎత్తులోనే నిలబడి నేరుగా మన కిటికీలోకి చూస్తున్నట్టు ఉంటాయి. ఎర్రగా ఉన్నది ఆరుద్ర, దానికి పైన కుడివైపు నారింజరంగులో రోహిణి, ఇంకా పైన గుంపుగా పిల్లలకోడి, అంటే కృత్తికలు. మా నాయనమ్మ వేలితో చూపించిన చుక్కలే. మొదటిసారి ఇక్కడ గుర్తుపట్టిన రాత్రి అమ్మకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను.

చిన్నవి ఇంకా ఉన్నాయి: పడుకునే ముందు కాళ్ళ దగ్గర వేడినీళ్ళ బ్యాగు, స్నానం చేసి తుడుచుకున్న వెంటనే ఒంటికి క్రీము, గదిలో తెల్ల ట్యూబ్‌లైటు తీసేసి పసుపు వెలుతురు బల్బు. ఇవి ఎవరైనా చెప్తారు.

డిసెంబరు 10, రాత్రి

అక్కగారు బాగా చెప్పారమ్మా. నేను రిటైరై అబ్బాయి దగ్గర ఉంటున్నాను, నా వంతు రెండు ముక్కలు.

కిటికీ బయట పిట్టలకు గింజలు పెట్టే చిన్న డబ్బా తగిలించాను. నల్ల పొద్దుతిరుగుడు గింజలు వేస్తే చాలు. మొదటి వారం ఒక్కటీ రాలేదు, రెండో వారంలో ఒకటి వచ్చింది, ఇప్పుడు తెల్లవారకముందే వచ్చి కూర్చుంటాయి. చలికి ఈకలన్నీ పొంగించుకుని బంతుల్లా ఉంటాయి, ఆ ఈకల మధ్య గాలే వాటి దుప్పటి. డబ్బాను కిటికీ అద్దానికి మీటరులోపే పెట్టాలి, లేదంటే బాగా దూరంగా పెట్టాలి. మధ్యలో పెడితే వేగంగా వచ్చి అద్దానికి కొట్టుకుంటాయి. రెండు వారాలకోసారి కడగాలి. అద్దె ఇల్లయితే ఓనరును ముందు అడుగు.

రెండోది మంచు. నల్లటి ఉన్ని గ్లౌజు ఒకటి అరగంట బయటే ఉంచి చల్లబడనిచ్చి, మంచు మెల్లగా రాలుతున్నప్పుడు దాని మీద పట్టి భూతద్దంతో చూడమ్మా. ఊపిరి తగలకుండా పక్కకు వదలాలి. ఆరు రెమ్మలు, ఒక్కో రెమ్మకు మళ్ళీ చిన్న చిన్న రెమ్మలు, ముగ్గు వేసినట్టు. మైనస్ 15 డిగ్రీల దగ్గర పడే మంచులో అందమైనవి ఎక్కువ దొరుకుతాయి. అమెరికాలో వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో కెమెరాకు మైక్రోస్కోపు బిగించి మంచు రేకు ఫొటో తీశాడు, జీవితకాలంలో ఐదు వేలకు పైగా తీశాడు. నాకు డెబ్బై ఏళ్ళు వచ్చాక ఈ భూతద్దం దొరికింది. ఇప్పుడు మంచు పడుతుందంటే పొద్దున్నే లేచి కూర్చుంటున్నాను.

జనవరి 4, సాయంత్రం

అక్కా, బాబాయిగారూ, నమస్కారం. మీ ఇద్దరి మెయిళ్ళూ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను.

13వ తేదీ రాసుకున్నదానికీ నిన్నటికీ సూర్యాస్తమయంలో 13 నిమిషాల తేడా వచ్చింది! ఆఫీసులో అందరికీ చెప్పాను. పొద్దున మాత్రం మీరన్నట్టే ఇంకా ఆలస్యమే అయింది. అద్దం పెట్టడానికి దక్షిణం కిటికీ లేదు, అందుకని రోజూ మధ్యాహ్నం నడుస్తున్నాను. గ్లౌజు మీద ఒక రేకు దొరికింది, ఫొటో తీసేలోపు కరిగిపోయింది. దిగులు పూర్తిగా పోలేదు, వచ్చే వారం డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

దుంప మొలిచింది అక్కా! బొద్దుగా ఉంది, అంచున ఎర్రగా ఉంది, రెండు వేళ్ళ పొడవు. కానీ కిటికీ వైపే వంగిపోతోంది. ఏదైనా తప్పు చేశానా? టెన్షన్‌గా ఉంది.

జనవరి 4, రాత్రి

డాక్టరు దగ్గరికి వెళ్తున్నావు, చాలా మంచి పని చేశావు చెల్లీ. అయ్యాక ఎలా ఉందో నాకు విడిగా రాయి.

తప్పేమీ లేదు. అదీ వెలుతురు కోసమే వంగుతోంది. రోజుకో పావు వంతు కుండీని తిప్పుతూ ఉండు, నిటారుగా లేస్తుంది. జానెడు దాటాక పక్కన ఒక పుల్ల గుచ్చి వదులుగా దారం కట్టు, పువ్వుల బరువుకు పడిపోకుండా. మొగ్గ విచ్చుకోవడం మొదలయ్యాక ఎండ నుంచి, హీటరు నుంచి కాస్త దూరం జరిపితే పువ్వులు ఎక్కువ రోజులుంటాయి. ఏ రంగు కొన్నావో చెప్పనేలేదు.