సలామీ మీద ఆకుపచ్చ మచ్చ: తినొచ్చా?

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ 7న ఇక్కడ అమెరికాలో సలామీ డే. స్నేహితులకి ఇటలీ పద్ధతిలో పెడదామని పార్మా దగ్గరి ఫెలీనో సలామీ తెప్పించాను. పంది మాంసానికి ఉప్పు, మిరియాలు పట్టించి, పేగులో కూరి వారాల తరబడి ఆరబెడతారు. ఐమూలగా, మిరియపు గింజంత మందాన కోయడం అక్కడి ఆనవాయితీ. అది నాకు భలే నచ్చింది.

పైన పిండి చల్లినట్టున్న తెల్లటి బూజు మంచిదేనని తెలుసు, మాంసం మరీ త్వరగా ఎండిపోకుండా కాపాడుతుంది. కానీ దారం కట్టిన చోట ఆకుపచ్చ మచ్చ కనిపిస్తోంది. తడి లేదు, వాసన బాగానే ఉంది. వెనిగర్ గుడ్డతో తుడిస్తే చాలా, మొత్తం పారేయాలా? వచ్చేవాళ్లలో పిల్లలున్నారు, అందుకే భయం. ఇంట్లో ఆరబెట్టే అలవాటున్నవాళ్లు దయచేసి చెప్పండి. ఇంకోటి, పై తోలు ముందే ఒలవాలా, కోశాకా?